పిడుగు తర్వాత ఇల్లు, అక్వేరియం: చేపల్ని చంపింది కరెంటు కాదు

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను. తర్వాత చదివేవాళ్లకు కూడా విషయం తెలియాలి కదా. బెంగళూరు హొరమావులో సొంత ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. మే నెల సాయంత్రం గాలివానలో పక్క సైటులోని కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మీ ఇంటి మీద పడలేదు. అయినా టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై రౌటర్, బోర్ మోటార్ ప్యానెల్, ఇన్వర్టర్, అక్వేరియం లైటు, హీటర్ అన్నీ పోయాయి. రాత్రంతా కరెంటు లేదు. నాలుగడుగుల ట్యాంకులో తెల్లారేసరికి పెద్ద ఏంజెల్ చేపలు మూడు చనిపోయాయి. గౌరామీలు, ప్లెకో అనే రకాల చేపలు బతికాయి. పొద్దున కరెంటు రాగానే క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) దానంతటదే తిరగడం మొదలుపెట్టింది, మధ్యాహ్నానికి ఇంకో రెండు చేపలు పోయాయి. మీ ముఖ్యమైన ప్రశ్నలు మూడు. చేపలకు షాక్ కొట్టిందా? ఎంసీబీ (షార్ట్ సర్క్యూట్ అయితే పడిపోయే స్విచ్), స్టెబిలైజర్, ఇన్వర్టర్ అన్నీ ఉండగా ఇది ఎలా జరిగింది? ఇన్సూరెన్స్ వస్తుందా?

మాది హిందూపురం. బెంగళూరులో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తుంటాను, ఇంట్లో చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను. అందుకే రెండు వైపుల నుంచీ చెప్పగలను.

చేపల సంగతితో మొదలుపెడతాను. మీ చేపలు షాక్‌తో పోలేదు. షాక్ తగిలి ఉంటే పిడుగు పడిన ఆ క్షణంలోనే తిరగబడేవి, అదీ జాతి చూడకుండా. మీ ట్యాంకులో అలా జరగలేదు. పెద్ద ఏంజెల్స్ తెల్లవారుజామున పోయాయి, గౌరామీలు బతికాయి. గౌరామీకి తలలో ఒక ప్రత్యేకమైన అవయవం ఉంటుంది, పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. ప్లెకో కూడా అవసరమైతే గాలి మింగి బతుకుతుంది. ఏంజెల్‌కు ఆ వెసులుబాటు లేదు, నీళ్లలో కరిగిన ఆక్సిజనే దిక్కు. గాలి పీల్చగలిగినవి మిగిలి, పీల్చలేనివి పోయాయంటే కారణం ఆక్సిజన్ అయిపోవడమే. పెద్ద చేపలు ముందు పోవడం కూడా అదే చెప్తోంది.

నీళ్లలో ఆక్సిజన్ మనం అనుకున్నంత ఉండదు. సముద్రమట్టం దగ్గర 28 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాములు పడుతుంది, అంతే. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ దానికంటే దాదాపు పదో వంతు తక్కువ. మే నెల కాబట్టి నీళ్లు వెచ్చగా ఉంటాయి, వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేప శ్వాస మాత్రం ఎక్కువ. మీరు మొక్కలు కూడా పెట్టానన్నారు. చీకట్లో అవి ఆక్సిజన్ ఇవ్వవు, అవీ వాడుకుంటాయి. పైన నీళ్లు కదలకుండా రాత్రంతా ఉంటే తెల్లవారుజాముకే అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. మొక్కల కోసం సిలిండర్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పెట్టి, సోలినాయిడ్ (కరెంటు పోతే తానే మూసుకునే వాల్వ్) లేకుండా చేత్తో తిప్పే వాల్వ్ మీదే నడిపేవాళ్లకు ఇంకా ప్రమాదం. కరెంటు పోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నం పోయిన రెండిటి కథ వేరు. క్యానిస్టర్ మూత బిగించిన డబ్బా. లోపల ఉన్న బ్యాక్టీరియాకు నీళ్లు పారుతూ ఉంటేనే ఆక్సిజన్ అందుతుంది. రాత్రంతా ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి, బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అమోనియాతో పాటు ఒక్కోసారి కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చే గ్యాస్ కూడా చేరుతుంది. కరెంటు రాగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చాయి. మీ బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటే అక్కడ అమోనియా మరీ విషం. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు, 8కి వచ్చేసరికి అది దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి ఇకమీదట కరెంటు పోయి రెండు మూడు గంటలు దాటిందంటే క్యానిస్టర్ ప్లగ్ పీకేయండి. కరెంటు వచ్చాక మూత తెరిచి, లోపలి నీళ్లు బయట పారబోసి, స్పాంజీలు, రింగులు బకెట్‌లోకి తీసిన ట్యాంకు నీళ్లలోనే ఒకసారి ముంచి తీసి, అప్పుడు ఆన్ చేయండి. కుళాయి కింద కడగవద్దు, మిగిలిన బ్యాక్టీరియా కూడా క్లోరిన్‌కు పోతుంది.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. పిడుగు పడిన ఇంట్లో అందరూ "చేపల కోసం ఏ సర్జ్ ప్రొటెక్టర్ కొనాలి" అని అడుగుతారు. వస్తువుల రక్షణ వేరు, చేపల రక్షణ వేరు. వస్తువులకు ప్రమాదం మైక్రోసెకన్లలో జరిగిపోతుంది, చేపలకు ఆ తర్వాత గంటల్లో. ఒకే పరికరం రెండిటికీ పనికిరాదు.

ఇక కరెంటు సంగతి. ఇంటి మీద పడకుండానే ఇన్ని వస్తువులు ఎలా పోయాయి? పిడుగులో ప్రవహించేది వేల ఆంపియర్లు, 30 వేల ఆంపియర్లంటే అదేమీ అసాధారణం కాదు. కొబ్బరిచెట్టు మొదట్లో అంత కరెంటు భూమిలోకి దిగినప్పుడు ఆ చుట్టుపక్కల నేల వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. చెట్టుకు దగ్గరగా ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మీ ఇంటికి ఒక ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) ఉంది. బోర్ మోటార్ వందల అడుగుల లోతులో నీళ్లలో కూర్చుని ఉంది, అది అంతకంటే మంచి ఎర్త్. టెర్రస్ మీద డిష్ గొడుగు బోల్టులతో స్లాబులోని ఇనుముకు తగిలి ఉంది. కేబుల్ వాడి వైరు వీధి స్తంభం నుంచి వచ్చింది. ఒక్కోటీ ఒక్కో చోట భూమిని తాకుతోంది కాబట్టి ఆ క్షణంలో ఒక్కోటి ఒక్కో వోల్టేజీలో ఉంది. పక్కపక్క రెండు మళ్లలో నీటి మట్టం వేరైతే మధ్యనున్న గట్టే తెగుతుంది. మీ టీవీ ఆ గట్టు. దానికి ఒక వైపు పవర్ వైరు, ఇంకో వైపు డిష్ వైరు. సెట్‌టాప్ బాక్స్, రౌటర్, మోటార్ ప్యానెల్, ఇన్వర్టర్ అన్నీ రెండు రకాల వైర్ల మధ్య కూర్చున్నవే. మీ ఫ్రిజ్, మిక్సీ బతికాయి చూడండి, వాటికి ఒకటే వైరు. ఫ్రిజ్ బతకడంలో అదృష్టం కూడా ఉందనుకోండి.

ఎంసీబీ ఎందుకు కాపాడలేదంటే, దాని పని అది కాదు. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు వైరు కాలకుండా ఆపుతుంది, దానికి మిల్లీసెకన్లు పడుతుంది. సర్జ్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసే దెబ్బ, మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది. ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే స్విచ్) మనిషికి షాక్ కొట్టకుండా ఉండటానికి, స్టెబిలైజర్ వోల్టేజీ నెమ్మదిగా ఎక్కి దిగేటప్పుడు సరిచేయడానికి. ఇన్వర్టర్ కరెంటు ఉన్నంతసేపూ మెయిన్స్‌ను నేరుగా ఇంట్లోకి పంపిస్తూ ఉంటుంది, కాబట్టి సర్జ్‌ను కూడా పంపిస్తుంది, పైగా తానే ముందు బలైపోతుంది. మీ ఇంట్లో అదే జరిగింది.

ఇక్కడ ఒక అనుమానం తీర్చుకోండి. ఆ సాయంత్రం లైట్లు మామూలు కంటే బాగా వెలిగి, ఫ్యాన్లు జోరుగా తిరిగి, ఆ తర్వాత వస్తువులు పోయాయా? అయితే అది పిడుగు కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగడం. గాలివానలో కొమ్మ విరిగి లైను మీద పడితే స్తంభం దగ్గర న్యూట్రల్ తెగుతుంది, త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో 230 రావలసిన చోట 400 దాకా వచ్చేస్తుంది. ఈ నగరంలో మే నెలలో నేను చూసే "పిడుగు" కేసుల్లో ఇవి తక్కువేం కాదు. ఫోన్ అడాప్టర్లు, ఎల్ఈడీ బల్బులు, ఏసీ బోర్డు లాంటి పవర్ వైరు మాత్రమే ఉన్నవి గుంపుగా పోతే దీన్నే అనుమానించండి. పక్కింటివాళ్లకూ అదే ఫేజులో అలాగే జరిగిందేమో అడగండి. మీ కేసులో రౌటర్, సెట్‌టాప్ బాక్స్, మోటార్ ప్యానెల్ పోయి ఫ్రిజ్ నిలిచింది కాబట్టి పిడుగే. కానీ రెండూ ఒకే వానలో జరగకూడదని ఏమీ లేదు. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌కు 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింట్ చూడమనండి.

ఇప్పుడు ఇంట్లో ఏం చూడాలి? కొత్త వస్తువులు కొనే ముందు వైరింగ్ పరీక్ష చేయించండి. చాలామంది దీన్ని వదిలేసి టీవీ కొనేస్తారు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి వైరు తొడుగును పరీక్షించే మీటరుతో) ఇన్సులేషన్ టెస్ట్ చేయించాలి, ఒక్కో సర్క్యూట్‌కు విడివిడిగా, 500 వోల్టులతో, వస్తువుల ప్లగ్‌లన్నీ తీసేసి. మామూలు మల్టీమీటర్ దీనికి చాలదు. వైరు తొడుగులో సూదిమొన అంత రంధ్రం పడినా అది ఈరోజు తెలియదు, వానాకాలంలో గోడ చెమ్మెక్కినప్పుడు తెలుస్తుంది. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడకపోతే మార్చేయండి. స్విచ్‌బోర్డుల దగ్గర కాలిన వాసన, గోడ మీద చేయి పెడితే వేడి, ప్లాస్టర్‌లో కొత్తగా పగులు ఉన్నాయేమో చూడండి. వాసన ఆగకుండా వస్తుంటే మెయిన్ ఆపేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి, ఎలక్ట్రీషియన్ కోసం ఎదురు చూడొద్దు. గోడ లోపల నిప్పు నెమ్మదిగా రాజుకుని గంటల తర్వాత బయటపడుతుంది.

ఎర్త్ పిట్ రీడింగ్ తీయించండి. ఇళ్లకు 5 ఓమ్‌ల లోపు ఉంటే నేను తృప్తి పడతాను. బొగ్గు, ఉప్పు వేసిన పాత పిట్ అయితే ఉప్పు కరిగిపోయి, జీఐ పైపు తుప్పు పట్టి ఉంటుంది, పైగా ఎండాకాలంలో ఎవరూ నీళ్లు పోయరు. హొరమావు వైపు నేల పైన ఎర్రమట్టి, కింద రాయి, మే నెలలో అక్కడ రీడింగ్ అంత బాగా రాదు. అవసరమైతే రెండో పిట్ వేయించి మొదటిదానితో కలపండి. కలపడం అన్నమాటను పట్టుకోండి, అసలు విషయం అక్కడే ఉంది. చాలా ఇళ్లలో "టీవీకి వేరే ఎర్త్ వేయించాం, సేఫ్" అంటారు. వేరే ఎర్త్ సేఫ్ కాదు, అదే ప్రమాదం. మళ్లన్నీ ఒకేసారి నిండితే గట్టుకు ఏమీ కాదు. మీటర్ బోర్డు ఎర్త్, డిష్ గొడుగు, కేబుల్ వైరు పై తొడుగు, బోర్ ప్యానెల్ ఎర్త్, టెర్రస్ మీద సోలార్ ఫ్రేమ్ ఉంటే అదీ, అన్నీ దళసరి వైరుతో ఒకే ఎర్త్ బార్‌కు రావాలి. ఐఎస్ 3043 ప్రమాణం చెప్పే ఎర్తింగ్ పద్ధతిలో సారం ఇదే.

ఆ తర్వాత ఎస్‌పీడీ, అంటే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్. మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, ఎంసీబీల పక్కనే కూర్చుంటుంది. మీకు టైప్ 2 చాలు. టెర్రస్ మీద పిడుగు కడ్డీ ఉన్న ఇల్లయితే మెయిన్ ఇన్‌కమర్ (ఇంట్లోకి కరెంటు వచ్చే మొదటి స్విచ్) దగ్గర టైప్ 1 (నేరుగా పడిన పిడుగు కరెంటును తట్టుకునే రకం) గానీ, రెండూ కలిసిన టైప్ 1 ప్లస్ 2 గానీ పెట్టాలి. త్రీ ఫేజ్ అయితే నాలుగు పోల్‌లది. బీవీకే అయ్యంగార్ రోడ్డులో, ఎస్పీ రోడ్డులో మంచి కంపెనీలవే దొరుకుతాయి, కొన్ని వేల రూపాయలవుతుంది. పోయిన మీ టీవీ ధరతో పోల్చుకోండి. కొనడం తేలిక, పెట్టించడంలోనే తప్పులు జరుగుతాయి. ఎస్‌పీడీకి వెళ్లే వైర్లు, దాని నుంచి ఎర్త్ బార్‌కు వచ్చే వైరు అన్నీ కలిపి అర మీటరు దాటకూడదు. సర్జ్ వేగానికి మీటరు వైరు మీదే వెయ్యి వోల్టుల వరకు పడుతుంది. నీటుగా ఉండాలని వైరును చుట్టలు చుట్టి కేబుల్ టై వేస్తారు మన ఎలక్ట్రీషియన్లు, బోర్డు తెరిస్తే ముచ్చటేస్తుంది, పని మాత్రం చేయదు. ఎస్‌పీడీ మీద కిటికీలా చిన్న గుర్తు ఉంటుంది, ఆకుపచ్చ పోయి ఎరుపు వస్తే లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. వానాకాలానికి ముందు, తర్వాత ఒకసారి చూసుకోండి.

ఎస్‌పీడీ న్యూట్రల్ తెగినప్పుడు కాపాడదు, గంటల తరబడి 400 వోల్టులు వస్తే అదే కాలిపోతుంది. దానికి 270 వోల్టుల దగ్గర కట్ చేసే ఓవర్ వోల్టేజ్ రిలే వేరే పెట్టించండి. టీవీ, కంప్యూటర్ దగ్గర మంచి స్పైక్ గార్డ్ కూడా పెట్టుకోవచ్చు, బోర్డుకు 10 మీటర్లు దాటిన చోట్ల పెట్టుకోవాలి కూడా. కానీ ఎర్త్ లేని సాకెట్‌లో పెట్టిన స్పైక్ గార్డ్ ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్స్. ఇంటర్నెట్ ఫైబర్ కాబట్టి సేఫ్ అనుకోకండి. గాజు పోగులో కరెంటు రాదు, దాన్ని మోసే ఇనుప తీగలో వస్తుంది. ఆ తీగను బయటే గోడకు బిగించి కట్ చేయమనండి.

టెర్రస్ మీద కడ్డీ కావాలా అని అడిగారు. చుట్టూ మీ ఇంటికంటే ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఉన్నాయంటున్నారు కాబట్టి నేనైతే ముందు బాండింగ్ (ఎర్త్‌లన్నీ ఒకటిగా కలపడం), ఎస్‌పీడీ మీదే ఖర్చు పెడతాను. కడ్డీ పెడితే దానికి తగ్గ డౌన్ కండక్టర్లు (కడ్డీ నుంచి భూమికి దిగే తీగలు), ఎర్త్ పిట్లు, టైప్ 1 కూడా పెట్టాలి, సగం పెట్టడం కంటే పెట్టకపోవడం మేలు. ఇక "మా అరెస్టర్ ఒక్కటి పెడితే వంద మీటర్ల చుట్టూ పిడుగు పడదు" అని అమ్మేవాళ్లు వస్తారు. ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం ఆ కడ్డీ అసలు పొడవు, ఎత్తులనే లెక్కలోకి తీసుకుంటుంది, డబ్బాలో ఉన్న మాయను కాదు.

ఇప్పుడు మళ్లీ ట్యాంకు దగ్గరికి. అక్వేరియంను పిడుగు నుంచి కాపాడే అతి చవకైన పద్ధతి, వాన మొదలయ్యే ముందే దాన్ని గోడ నుంచి పూర్తిగా విడదీయడం. ఫిల్టర్, హీటర్, లైటు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి, ఆ ఒక్క ప్లగ్ సాకెట్ నుంచి పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, స్విచ్ లోపలి మిల్లీమీటర్ల ఖాళీని సర్జ్ దాటేస్తుంది. వైఫై స్మార్ట్ ప్లగ్ ఆఫీసు నుంచి ఆపినా అంతే. ఆ తర్వాత యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి పవర్ బ్యాంక్‌కు తగిలించండి. ఇప్పుడు ట్యాంకుకూ ఇంటి వైరింగ్‌కూ ఏ సంబంధమూ లేదు, చేపలకు గాలి మాత్రం ఆడుతోంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 74 వాట్ అవర్లు ఉంటాయి, నష్టాలు పోను 45 అనుకున్నా రెండున్నర వాట్ల పంపు 18 గంటలు నడుస్తుంది. అంటే మీ ఆ రాత్రి గడిచిపోయేది. ఒక చిక్కు ఉంది. కొన్ని పవర్ బ్యాంక్‌లు ఇంత తక్కువ కరెంటు వాడుతుంటే ఫోన్ నిండిందనుకుని ఆగిపోతాయి. కొన్న రోజే రాత్రంతా నడిపి చూడండి, పిడుగుల రాత్రి కాదు. ఈ పంపులు శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ వైపు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి.

పంపును నీటి మట్టానికి పైన పెట్టండి. కుదరకపోతే గాలి ట్యూబుకు నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆ ట్యూబు ద్వారా వెనక్కి పారి, కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోకి కారిన ట్యాంకులు చూశాను. వైర్లన్నీ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా పెట్టండి, కారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ట్యాంకు సాకెట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇది పిడుగుకు కాదు, మీ చేయి నీళ్లలో ఉన్నప్పుడు హీటర్ పగిలితే మీ ప్రాణానికి.

ఆఫీసులో ఉన్నప్పుడు వాన వస్తే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. ఈ ఊళ్లో నాలుగు గంటలకు మబ్బు పట్టి ఐదుకు ఉరుములు, మీరు అప్పటికి సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. లోపల బ్యాటరీ ఉండి, కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే ఎయిర్ పంపులు వస్తాయి. అది ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండాలి కాబట్టి సర్జ్‌కు దొరికే అవకాశం ఉంది, అందుకే ఎస్‌పీడీ ముందు పెట్టించమంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో నేనైతే పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడే హీటర్, లైటు ప్లగ్ తీసేయమంటాను. మేలో హీటర్‌తో పనే లేదు. దీనితో పాటు ట్యాంకులో ఒక స్పాంజీ ఫిల్టర్ ఎప్పుడూ నడుస్తూ ఉంచండి. క్యానిస్టర్ ఆగినా ఆ స్పాంజీలోని బ్యాక్టీరియా ఎయిర్ పంపు మీదే బతుకుతుంది. 250 లీటర్ల ట్యాంకుకు అదే మీ అసలు ఇన్సూరెన్స్.

కొత్త ఇన్వర్టర్ కొంటే ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ఫిల్టర్ మోటార్లు గుయ్‌మని రొద పెట్టి వేడెక్కుతాయి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ మీద 15 వాట్ల ఫిల్టర్, 5 వాట్ల పంపు మాత్రమే వేస్తే ఒక రోజుకు పైనే వస్తుంది. మన ఇళ్లలో అదే బ్యాటరీ మీద నాలుగు ఫ్యాన్లు, టీవీ వేసి తెల్లవారుజామున చేతులెత్తేయిస్తాం.

ఉరుములు మొదలయ్యాక మాత్రం ప్లగ్ పీకడానికి కూడా వెళ్లవద్దు, ట్యాంకులో చేయి పెట్టవద్దు, నీళ్లు మార్చవద్దు, కుళాయి దగ్గర నిలబడవద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినిపిస్తే పిడుగు మీకు దగ్గరలోనే ఉన్నట్టు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగులు పడుతున్నప్పుడు చెప్తుంది. వెళ్లడానికి వీలుపడక ఫిల్టర్ పోతే పోనివ్వండి, ఇంకోటి కొనుక్కోవచ్చు.

బతికిన వస్తువుల్లో హీటర్ ఉన్నా పారేయమనే చెప్పేవాణ్ని. సర్జ్ తర్వాత లోపలి కాంటాక్టు అతుక్కుపోతే అది ఆగదు, నీళ్లు మరిగిస్తుంది. మీ టెస్టర్ ట్యాంకు నీళ్లలో వెలుగుతోందని టెన్షన్ పడ్డారు కదా, అది ఒక్కటే లీకేజీకి రుజువు కాదు. నీళ్లలో మునిగిన ఏ మోటార్ పక్కనైనా టెస్టర్ కాస్త మిణుకుమంటుంది, మల్టీమీటర్ పదుల వోల్టులు చూపిస్తుంది. ఒక్కో పరికరాన్నే ప్లగ్ చేస్తూ ఆర్‌సీసీబీ పడుతుందేమో, మెగ్గర్‌లో ఏది తక్కువ చూపిస్తోందో చూడమనండి.

ఇన్సూరెన్స్ గురించి గట్టిగా ఆశ పెట్టుకోకండి, అలాగని వదిలేయకండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్షలో పిడుగు కవర్ ఉంది. కానీ ఇలాంటి పాలసీల మినహాయింపుల్లో ఒక వాక్యం ఉంటుంది: షార్ట్ సర్క్యూట్, ఆర్కింగ్, లీకేజీ వల్ల ఒక ఎలక్ట్రికల్ వస్తువు పాడైతే, పిడుగు వల్ల అయినా సరే, ఆ వస్తువుకు డబ్బు రాదు అని. దాని నుంచి మంటలు లేచి ఇంకేదైనా కాలితే దానికి వస్తుంది. గోడ పగిలినా, స్లాబు దెబ్బతిన్నా ధైర్యంగా క్లెయిమ్ చేయండి. వస్తువులకు ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ యాడ్ ఆన్ తీసుకున్నారేమో పాలసీ తీసి చూడండి, లేకపోతే రెన్యూవల్‌లో అడగండి. ఈలోగా కాలిన బోర్డులు పారేయవద్దు, సర్వేయర్ చూడాలి. సర్వీస్ వాడి చేత సర్జ్ వల్ల పోయిందని కాగితం మీద రాయించుకోండి, ఫోటోలు, బెస్కామ్ కంప్లైంట్ నంబర్ జత చేయండి. కంపెనీ వారంటీలో సాధారణంగా పిడుగు ఉండదు, అక్కడ వాదించి లాభం లేదు.

కొబ్బరిచెట్టు గురించి పక్క సైటు ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడండి. పిడుగు పడిన చెట్టు కొన్ని వారాలు పచ్చగానే కనిపించి, ఆ తర్వాత మొవ్వు ఎండి తల విరిగి పడుతుంది. దాని మీదికి కాయలకు ఎవరినీ ఎక్కనివ్వకండి.

మిగిలిన చేపలకు రెండు రోజులు మేత వద్దు, ఆకలికి చావవు. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసిన నీళ్లు, అదే వేడిలో. మీ బోర్ ప్యానెల్ పోయింది కాబట్టి ట్యాంకర్ నీళ్లో కావేరి నీళ్లో వాడాల్సి వస్తుంది, పీహెచ్ ఒక్కసారిగా మారకుండా కొద్దికొద్దిగా పోయండి. ఇకమీదట 50 లీటర్ల డ్రమ్ము ఒకటి ఎప్పుడూ నింపి పక్కన పెట్టుకోండి. అమోనియా, నైట్రైట్ రోజూ టెస్ట్ చేసి రాసుకోండి. క్యానిస్టర్‌లో బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది, స్నేహితుడి ట్యాంకు నుంచి పాత స్పాంజీ ఒకటి తెచ్చి వేస్తే తొందరగా అవుతుంది. రెండు రీడింగులూ వారం పాటు సున్నా చూపించే వరకు కొత్త ఏంజెల్స్ కొనవద్దు. అప్పుడైనా ముందు రెండు చిన్నవి తెచ్చుకోండి, ఐదూ ఒకేసారి కాదు.